లాట్‌చెక్ దాటిన గేమ్ ఇంత నాసిగా ఎలా ఉంటుంది? (స్విచ్ ఈషాప్, పీఎస్ స్టోర్)

#1 · వేపచెట్టు_8బిట్
నింటెండో స్విచ్ కన్సోల్ ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో డిస్కౌంట్ల పేజీ తెరిస్తే సగం సరుకు ఒకే అచ్చులో పోసినట్టుంటోంది. పేరులో సిమ్యులేటర్ అనే మాట, ఏఐ గీసిన కవర్ బొమ్మ, పది డాలర్ల రేటు కొట్టేసి పక్కన పది సెంట్లు. ట్రైలర్‌లో అసలు గేమ్ కనబడదు, కనబడితే కెమెరా వణుకుతూ ఉంటుంది. నింటెండో ప్రతి గేమ్‌నీ లాట్‌చెక్ (విడుదలకి ముందు తనిఖీ) చేశాకే వదులుతుందంటారు కదా, మరి ఇవెలా దాటుతున్నాయి? చెకింగ్ మొక్కుబడి అయిపోయిందా, లేక అక్కడ చూసేదే వేరా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "నచ్చకపోతే కొనకు" అనే జవాబు మాత్రం వద్దు.

#2 · బిల్డ్‌నంబర్
చూసేదే వేరు. నింటెండోది లాట్‌చెక్, సోనీది టీఆర్‌సీ, మైక్రోసాఫ్ట్‌ది ఎక్స్‌ఆర్. పేర్లు మూడు, అడిగే ప్రశ్న ఒకటే: ఈ గేమ్ మా మెషిన్ మీద మర్యాదగా నడుచుకుంటుందా? మైక్రోసాఫ్ట్ తన జాబితాని బహిరంగంగానే పెట్టింది. అందులో మొదటిది ఎక్స్‌ఆర్-001, టైటిల్ స్టెబిలిటీ. క్రాష్ అవకూడదు, బిగుసుకుపోకూడదు, అంతే.

టెస్టర్ చేసే పని ఇలా ఉంటుంది. ఆట మధ్యలో కంట్రోలర్ ఆపేస్తాడు: గేమ్ పాజ్ అయి మళ్లీ కలపమని అడగాలి. కన్సోల్‌ని స్లీప్‌లో పెట్టి లేపుతాడు: ఆగినచోటి నుంచే సాగాలి. స్టోరేజ్ నింపేసి సేవ్ కొడతాడు: పాత సేవ్ పాడవకూడదు. నెట్ కేబుల్ లాగేస్తాడు: చక్రం తిరుగుతూ కూర్చోకుండా ఎర్రర్ మెసేజ్ రావాలి. బటన్లని ఆ కన్సోల్ పిలిచే పేర్లతోనే పిలవాలి. ప్లేస్టేషన్ బిల్డ్‌లో ఎక్కడో "ఏ నొక్కండి" అని మిగిలిపోతే వెనక్కి కొడతారు.

ఇక్కడ తమాషా ఏంటంటే, మొక్కుబడి గేమ్‌కి ఈ పరీక్ష చాలా తేలిక. ఆన్‌లైన్ ఉండదు, స్నేహితుల జాబితాతో పని ఉండదు, సేవ్ ఫైల్ ఒక్కటే, ఆడేది ఒక్కడే. జాబితాలో ముప్పాతిక భాగం దానికి వర్తించనే వర్తించదు. నానా తిప్పలు పడేది పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్. పడీ దాటాక కూడా గ్యారంటీ లేదు. సైబర్‌పంక్ 2077 సర్టిఫికేషన్ దాటి వచ్చిందే. బగ్గుల దెబ్బకి 2020 డిసెంబర్ 17న సోనీ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్ 21న.

#3 · కృష్ణలంక_జాయ్‌కాన్
అంటే బండికి ఆర్టీవో ఫిట్‌నెస్ లాంటిదన్నమాట. బ్రేకు, హారను, లైట్లు చూస్తారు. సీటు మెత్తగా ఉందా అని ఎవడూ కూర్చుని చూడడు.

#4 · పాత_కార్ట్రిడ్జ్
ఈ చెకింగ్ ఎందుకు పుట్టిందో తెలిస్తే, అది ఏం పట్టించుకోదో కూడా తెలుస్తుంది.

1977లో వచ్చిన అటారి 2600 కన్సోల్‌కి తాళమే లేదు. కార్ట్రిడ్జ్ తయారుచేయగల ఎవరైనా గేమ్ అమ్ముకోవచ్చు. అటారి నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు 1979లో యాక్టివిజన్ పెట్టారు, అటారి కోర్టుకెళ్లింది, 1982లో రాజీ కుదిరింది. ఇక అడ్డెవరు? ఓట్స్ అమ్ముకునే క్వేకర్‌కి కూడా గేముల విభాగం ఉండేది. కుక్కల తిండి అమ్మే ప్యూరినా ప్రచారానికి ఒక గేమ్ చేయించింది. షాపుల్లో సరుకు పేరుకుపోయి, 30, 40 డాలర్ల కార్ట్రిడ్జ్‌లు 5 డాలర్ల బుట్టల్లోకి దిగాయి. బుట్టలో 5కి దొరుకుతుంటే పక్కన ఉన్న కొత్త గేమ్‌కి, అది ఎంత మంచిదైనా, 40 పెట్టేవాడెవడు? నాసి సరుకు చేసే అసలు నష్టం ఇది: తను అమ్ముడుపోకపోయినా పక్కవాడి బేరం చెడగొడుతుంది. అమెరికాలో 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న వ్యాపారం 1985కల్లా 10 కోట్ల దగ్గరికి పడిపోయింది.

అదే 1985లో నింటెండో తన ఎన్‌ఈఎస్ కన్సోల్‌ని న్యూయార్క్‌లో దించింది, లోపల 10ఎన్‌ఈఎస్ అనే చిప్ పెట్టి. కన్సోల్‌లో ఉన్నది తాళం, కార్ట్రిడ్జ్‌లో ఉన్నది తాళంచెవి. రెండూ ఒకే లెక్కని కలిసి చేసుకుంటూ పోవాలి. జవాబు తప్పితే తాళం చిప్ సెకనుకోసారి ప్రాసెసర్‌ని రీసెట్ చేస్తూనే ఉంటుంది. చిప్ గురించి అందరూ చెబుతారు కానీ అసలు జల్లెడ ఒప్పంద పత్రంలో ఉంది. కార్ట్రిడ్జ్‌లు నింటెండోనే తయారుచేస్తుంది. డబ్బు ముందే కట్టాలి. ఒక కంపెనీ ఏడాదికి 5 గేములకి మించి తేకూడదు. ఐదే అన్నప్పుడు తుక్కు గేమ్ మీద ఒక అవకాశం తగలేసుకోవడానికి ఎవడికి మనసొప్పుతుంది? కొనామికి ఐదు చాలక అల్ట్రా గేమ్స్ అని ఇంకో పేరు పెట్టుకుని మరో ఐదు తెచ్చుకుంది.

అయినా లైసెన్స్ ఉన్న నాసి గేములు ఎన్‌ఈఎస్‌లో కుప్పలు. డబ్బా మీది ముద్ర కూడా రుచి చూసి వేసింది కాదు. అమెరికాలో 2003లో ఆ ముద్రలోంచి "క్వాలిటీ" అనే మాటే తీసేశారు, ఉత్త "అఫీషియల్ నింటెండో సీల్" మిగిలింది. నన్నడిగితే అదే నిజాయితీ.

#5 · సోఫా_కమాండర్
అటారి గురించి ఇంత రాసి ఈ.టీ. సినిమా మీద అది తెచ్చిన గేమ్ పేరెత్తలేదేంటండీ? చెత్త గేములకి తాత అదే కదా.

#6 · పాత_కార్ట్రిడ్జ్
కావాలనే ఎత్తలేదు. అది హడావిడి గేమ్, మొక్కుబడి గేమ్ కాదు. హోవర్డ్ స్కాట్ వార్షా ఒక్కడే 1982లో సుమారు 5 వారాల్లో చేశాడు, క్రిస్మస్ అమ్మకాలకి అందాలి కాబట్టి. ఆ టైములో 2600 మీద ఆరు ముఖాలున్న ప్రపంచం, మూలమూలకీ మారే పనులు పెట్టాడు. చెడింది గోతుల దగ్గర. బొమ్మలో ఏ పిక్సెల్ గోతి అంచుని తాకినా పడిపోయినట్టే లెక్క. పాదాలు నేల మీదే ఉన్నట్టు కనబడుతుంటాయి, తల గోతికి తగులుతుంది, దబ్బున లోపల. బయటికి తేలుతూ వచ్చి మళ్లీ పడతాడు. ఇంకో వారం ఇచ్చి, పాదాల దగ్గర మాత్రమే తాకిడి లెక్కపెట్టి ఉంటే సరిపోయేది.

అటారి అమ్ముడుపోని సరుకు పాతిపెట్టిన అమెరికాలోని అలమగోర్డో చెత్తదిబ్బని 2014 ఏప్రిల్‌లో తవ్వితే సుమారు 1,300 కార్ట్రిడ్జ్‌లు బయటపడ్డాయి. అందులో ఈ.టీ. ఒక్కటే కాదు, అటారి బాగా అమ్ముకున్న గేములు కూడా ఉన్నాయి. నాసిరకం, హడావిడి, మోసం: ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకండి.

#7 · రిబ్బన్‌కేబుల్
చిప్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఎన్‌ఈఎస్‌లో పవర్ లైటు టపటపా కొట్టుకుంటుంటే దొంగ గేమ్ అనుకోకండి. పదింట తొమ్మిదిసార్లు 72 పిన్నుల కనెక్టర్ పట్టు వదిలి, తాళం చిప్‌కి చెవి చిప్ మాట వినబడక రీసెట్ చేస్తోందని అర్థం. ముందు కార్ట్రిడ్జ్ పళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నోటితో ఊదొద్దు, తేమ పడితే పళ్లు నల్లబడతాయి. అప్పటికీ కొట్టుకుంటే కనెక్టర్ మార్చాలి. తాళం చిప్ 4వ కాలు కత్తిరించి గ్రౌండ్‌కి కలిపితే ఈ కాపలా మొత్తానికి ఆగిపోతుంది, చాలామంది రిపేరువాళ్లు చేసేది అదే.

ఎన్‌ఈఎస్‌కి జపాన్ రూపమైన ఫామికామ్‌లో (1983) ఈ చిప్ లేదు. మన దగ్గర 90లలో "టీవీ గేమ్" అని అమ్మినవి ఎక్కువగా ఆ ఫామికామ్ నకళ్లే, 60 పిన్నుల కార్ట్రిడ్జ్‌లు. "9999999 ఇన్ 1" అని ఉండేది గుర్తుందిగా? లోపల ఉండేవి గుప్పెడు గేములు. 2వ లెవెల్ నుంచి మొదలైతే ఒక పేరు, తుపాకీ మారిస్తే ఇంకో పేరు. ఒకే గేమ్‌ని పది పేర్లతో అమ్మడం ఈషాప్ కనిపెట్టింది కాదు.

#8 · మోడరేటర్_కంది
ఎన్‌ఈఎస్ రిపేర్‌కి హార్డ్‌వేర్ విభాగంలో వేరే థ్రెడ్ ఉంది, కాళ్లు కత్తిరించే చర్చ అక్కడ. ఇక్కడ స్టోర్ సంగతి సాగనివ్వండి.

#9 · ధరలపట్టిక
#1లో అడిగిన పది సెంట్ల లెక్కకి వస్తా. అది పిచ్చి రేటు కాదు, ప్రకటన ఖర్చు.

ఈషాప్ బెస్ట్ సెల్లర్స్ పట్టీ చాలా ఏళ్లు గత 14 రోజుల్లో ఎన్ని కాపీలు డౌన్‌లోడ్ అయ్యాయనే లెక్క మీద నడిచింది. ఎంత డబ్బు వచ్చిందని కాదు, ఎన్ని కాపీలని. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. గేమ్ రేటు 9.99 డాలర్లు, 99 శాతం తగ్గింపు పెడితే 10 సెంట్లు. రెండు వారాల్లో 5,000 మంది కొన్నారనుకోండి: వచ్చింది 500 డాలర్లు, స్టోర్ 30 శాతం పట్టుకుంటే చేతికి 350. అదే రెండు వారాల్లో 60 డాలర్ల గేమ్ ఒకటి 4,000 కాపీలు అమ్మింది: 2,40,000 డాలర్లు. పట్టీలో పైన ఉండేది ఏది? పది సెంట్లది. అది పైకెక్కాక డిస్కౌంట్ తీసేస్తారు. 14 రోజుల లెక్క కాబట్టి పాత డౌన్‌లోడ్లు కొన్నాళ్లు ఇంకా మోస్తూనే ఉంటాయి, ఆ కొన్నాళ్లూ పూర్తి రేటుకి అమ్ముకోవచ్చు. దిగిపోగానే మళ్లీ తగ్గింపు.

దీనికి ఎరువులాగా రెండు కలిశాయి. ఒకటి, నింటెండో గోల్డ్ పాయింట్లు. డిజిటల్‌గా కొన్నదాని మీద 5 శాతం వచ్చేది, ఒక పాయింటు ఒక సెంటు. జేబులోంచి పైసా తీయకుండా పది సెంట్ల గేములు పోగేసుకునేవారు. 2025 మార్చితో కొత్త పాయింట్లు రావడం ఆగిపోయింది. రెండోది, "మా ఇంకో గేమ్ ఏదైనా మీ దగ్గరుంటే ఇది ఉచితం" అనే ఆఫర్. ఉచితంగా ఇచ్చినా డౌన్‌లోడ్ డౌన్‌లోడే.

అందుకే నా దృష్టిలో లాట్‌చెక్‌ని తిట్టడం దండగ. గేట్ దగ్గర కాపలావాడిది కాదు తప్పు, అరల్లో సరుకు సర్దేవాడిది.

#10 · వేపచెట్టు_8బిట్
చాలా స్పష్టంగా ఉంది. మరి స్విచ్ 2తో పట్టీ మార్చారని విన్నాను, డబ్బు లెక్కన పెట్టారట. దాంతో తీరిపోయినట్టేనా?

#11 · ధరలపట్టిక
2025 నుంచి పట్టీ అమ్మకాల విలువ మీద నడుస్తోంది, అది కూడా 14 రోజులకి కాక మూడు రోజులకే. పై ఉదాహరణలో 500 డాలర్ల గేమ్ ఇక పట్టీలో కనబడే ప్రసక్తే లేదు. సగం మంచి, సగం చెడు. పాత పద్ధతిలో 5 డాలర్ల మంచి ఇండీ గేమ్ (చిన్న బృందం సొంతంగా చేసినది) కూడా కాపీల బలంతో పైకెక్కేది. ఇప్పుడు అది 5 డాలర్లకి 12 కాపీలు అమ్మితేగానీ 60 డాలర్లది ఒక్క కాపీ అమ్మినదానితో సమానం కాదు. చెత్త దిగింది, చిన్నవాడూ దిగాడు.

పైగా పట్టీ ఒక్కటే దారి కాదు. డిస్కౌంట్ల పేజీ ఉంది, కొత్తగా వచ్చినవాటి పేజీ ఉంది, వెతికే పెట్టె ఉంది. పేరున్న గేమ్ పేరుని ముక్కలు చేసి తమ పేరులో ఇరికించేది ఆ పెట్టె కోసమే.

#12 · ప్లాటినం_పోచమ్మవాడ
పీఎస్ స్టోర్ కథ వేరే ఉంటది అన్నా. అక్కడ ఎర రేటు కాదు, ట్రోఫీ. ఆటల ఒక్కో పని చేస్తే వచ్చే బిరుదు అది, అన్నీ తెచ్చుకుంటే ప్లాటినమ్.

బ్రాంజ్‌కి 15, సిల్వర్‌కి 30, గోల్డ్‌కి 90, ప్లాటినమ్‌కి 300 పాయింట్లు. 2020 అక్టోబర్ ముందు ప్లాటినమ్‌కి 180 ఉండె. డెవలపర్ ఏం చేస్తడంటే లిస్టుల గోల్డులు నింపుతడు, అయిదు నిమిషాల్ల ప్లాటినమ్ వచ్చేటట్టు పెడతడు. ఆపై పీఎస్4కి ఒక లిస్టు, పీఎస్5కి ఇంకో లిస్టు. అమెరికా, యూరప్, జపాన్ అని వేర్వేరు ఎడిషన్లు వదిలితే మళ్ల అన్నిటికీ అన్ని లిస్టులు. రెండు కన్సోళ్లు, మూడు ప్రాంతాలు: ఒక్క గేమ్‌కి ఆరు ప్లాటినమ్‌లు. కొనేటోడు గేమ్ కొంటలేడు, ప్రొఫైల్ మీద నంబర్ కొంటుండు.

2016ల వచ్చిన "మై నేమ్ ఈజ్ మేయో" అని ఒకటి ఉంది, మేయో సీసాని 10,000 సార్లు నొక్కుడే ఆట. అది కనీసం జోకు అని చెప్పుకునే వచ్చింది, రాత కూడా నవ్వొచ్చేటట్టు ఉంటది. దాని ఎనుక వచ్చినయి చూడు: ఒకటే గేమ్‌ల కోడిపిల్ల తీసి పిల్లి, పిల్లి తీసి కుందేలు, ఒక్కోటి ఒక్కో ప్లాటినమ్. 2022ల సోనీ డెవలపర్లకి హెచ్చరిక పంపింది: ఒకటే అనుభవాన్ని బొమ్మలు మార్చి మళ్ల మళ్ల పెడితే తీసేస్తం, అకౌంట్ కూడా ఆపేస్తం అని. కొంత తగ్గింది, పోలే.

కొనే ముందు చిన్న పని చెయ్యిరి: ట్రోఫీ సైట్ల ప్లాటినమ్ ఎంత శాతం మందికి వచ్చిందో చూడున్రి. 90 శాతం దాటిందంటే అది గేమ్ కాదు, ట్రోఫీ దుకాణం.

#13 · గ్రేబాక్స్
తయారుచేసే వైపు నుంచి. "అసెట్ ఫ్లిప్" అని ఊరికే తిట్టేస్తారు కానీ కొన్న అసెట్లు వాడటం నేరం కాదు, పెద్ద స్టూడియోలు కూడా చెట్లు, రాళ్లు, శబ్దాలు కొనే వాడతాయి. తేడా ఎక్కడంటే, ఫ్లిప్‌లో కొన్న టెంప్లేటే గేమ్. అసెట్ స్టోర్‌లో కార్ డ్రైవింగ్ కిట్ కొంటాడు. అందులో బండి, రోడ్డు, మెనూ, స్కోరు అన్నీ నడిచే స్థితిలోనే ఉంటాయి. పేరు మారుస్తాడు, ఐకాన్ మారుస్తాడు, కన్సోల్ సేవ్ ఫంక్షన్ తగిలిస్తాడు, కంట్రోలర్ తెగినప్పుడు రావాల్సిన పాజ్ స్క్రీన్ రాస్తాడు. బిల్డ్‌నంబర్ గారు చెప్పిన పరీక్షకి అది చాలు. వయసు రేటింగ్‌కి కూడా డిజిటల్ గేములకి ఐఏఆర్‌సీ ప్రశ్నావళి నింపితే సరి, ఫీజు లేదు. పాజ్ స్క్రీన్, సేవ్ ఒకసారి రాసుకున్నాక రెండో గేమ్‌కి అదే కోడ్. అందుకే అవి ఒంటరిగా రావు, పదులు పదులుగా వస్తాయి.

డిస్కుల కాలంలోనూ ఇదే ఉండేది. నింటెండో వీ (Wii) కన్సోల్‌లో వచ్చిన నింజాబ్రెడ్ మ్యాన్ చూడండి. డేటా డిజైన్ ఇంటరాక్టివ్ అదే ఎముకల గూడు మీద అనుబిస్ 2, రాక్ ఎన్ రోల్ అడ్వెంచర్స్ కూడా వేసింది. బొమ్మ మారింది, పని అదే. కాకపోతే అప్పుడు డిస్కు అచ్చుకి, డబ్బాకి, షాపు అరకి ఖర్చయ్యేది. ఇప్పుడు ఆ ఖర్చు సున్నా.

ఇక #1లో అన్న వణికే కెమెరా. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే మొక్కుబడికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఫిజిక్స్ (వస్తువుల కదలిక) లెక్క వేసే విరామం మొదట్లో 0.02 సెకన్లకి పెట్టి ఉంటుంది, అంటే సెకనుకి 50 సార్లు. తెర 60 సార్లు మారుతుంది. 60 ఫ్రేముల్లో 10 ఫ్రేములకి బండి కొత్త చోటుకి జరగదు, పాతచోటే మళ్లీ గీస్తారు. ప్రతి ఆరో ఫ్రేమ్‌లో బండి ఆగుతుంది, కెమెరా మాత్రం నునుపుగా సాగిపోతుంది. చూసేవాడికి బండి సన్నగా వణికినట్టు అనిపిస్తుంది. గేమ్ 30 ఫ్రేములకి పడిపోతే ఇంకా ఘోరం: ఒక ఫ్రేమ్‌లో ఒక అడుగు, తర్వాతి రెండింటిలో రెండేసి అడుగులు. మందు చాలా చిన్నది. బండి సెట్టింగుల్లో ఇంటర్‌పోలేట్ (రెండు లెక్కల మధ్య చోటుని పూరించి గీయడం) ఆన్ చేయడం, మిగతావన్నీ కదిలాక చివర్లో కెమెరాని కదపడం. రెండు నిమిషాల పని. అది కూడా చేయలేదంటే, చేసినవాడు తన గేమ్‌ని టీవీలో ఒక్కసారి కూడా నడిపి చూసుకోలేదనే. సర్టిఫికేషన్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే ఇది క్రాష్ కాదు.

#14 · సోఫా_కమాండర్
గ్రేబాక్స్ గారూ, అయితే స్విచ్‌లో కొన్నింటి ఫ్రేములు మరీ పడిపోయేది కూడా ఇందుకేనా? బొమ్మ చూస్తే పీఎస్2 కాలం నాటిది, నడక మాత్రం నత్త.

#15 · గ్రేబాక్స్
అది వేరే జబ్బు. కిట్‌లో వచ్చే టెక్స్చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) పీసీ కోసం చేసినవి, ఒక చెత్తబుట్టకి కూడా 4కే టెక్స్చర్ ఉంటుంది. స్విచ్‌లో మొత్తం ర్యామ్ 4 జీబీ, అందులో కొంత సిస్టమ్ పట్టుకుంటుంది. పైగా లైట్లన్నీ అప్పటికప్పుడు లెక్కకట్టేవే, ముందే బేక్ చేసి పెట్టరు. బొమ్మ పాతగా కనిపించడం వేరు, చిప్‌కి బరువు తక్కువగా ఉండటం వేరు. అందంగా ఉండి తేలిగ్గా నడిచే గేమ్ వెనకాల టెక్స్చర్లు తగ్గించి, లైట్లు బేక్ చేసి, దూరపు వస్తువులకి మోటు నమూనాలు పెట్టిన వారాల పని ఉంటుంది. ఆ వారాలే ఇక్కడ లేనివి.

#16 · అరలోచిలుక
కొనేవాళ్లకి పనికొచ్చేది రాస్తాను. స్టోర్ పేజీ చదవడం వస్తే ముప్పావు వంతు అక్కడే ఏరేయొచ్చు.

మొదట స్క్రీన్‌షాట్లు. స్కోరు, లైఫ్ బార్, మ్యాప్ లాంటివి ఏ ఒక్కదానిలోనూ లేకపోతే అవి ఆట నుంచి తీసినవి కావు. తెర మీద మౌస్ బాణంలాంటి కర్సర్ కనబడితే అది పీసీ లేదా ఫోన్ గేమ్‌ని అలాగే ఎత్తుకొచ్చి పెట్టింది, స్టిక్‌తో బాణాన్ని ఈడ్చుకుంటూ ఆడాలి. మూలన రోజువారీ బహుమతి, వజ్రాలు, శక్తి గడియారం ఉంటే ఫోన్ గేమే. కొనుగోళ్లు తీసేసి ఉంటారు, వాటికోసం పెట్టిన నిరీక్షణ మాత్రం అలాగే వదిలేసి ఉంటారు.

తర్వాత పబ్లిషర్ పేరు కొట్టి వెతకండి. ఏడాదిలో ముప్పై గేములు, అన్నీ ఒకే రకం ఐకాన్ అయితే ఇంకేం చూడక్కర్లేదు. మూడోది రేటు చరిత్ర. డెకు డీల్స్ సైట్‌లో ఏ గేమ్‌కైనా గ్రాఫ్ ఉంటుంది. నెలకి రెండుసార్లు 90 శాతం పడి లేచే గీత రంపం పళ్లలా కనిపిస్తే, 9.99 అసలు రేటే కాదు. మెటాక్రిటిక్, ఓపెన్‌క్రిటిక్ మార్కులు కూడా ఆ పేజీలోనే ఉంటాయి. మార్కులు లేనంతమాత్రాన చెత్త అనుకోకండి, మంచి చిన్న గేములకి చాలావాటికి రివ్యూలు రావు. వాటికి యూట్యూబ్‌లో పది నిమిషాల కోతలేని వీడియో చూడటమే మార్గం.

వర్ణనలో ఒక చిన్న గుర్తు: "వాస్తవిక గ్రాఫిక్స్, సులభమైన కంట్రోల్స్, వివిధ లెవెల్స్" అని ఉండి, ఆటలో మీరు చేసే పని ఏంటో ఒక్క వాక్యం లేకపోతే వదిలేయండి.

#17 · కృష్ణలంక_జాయ్‌కాన్
కొన్నాక తెలిస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

#18 · అరలోచిలుక
కన్సోల్‌ని బట్టి. ప్లేస్టేషన్‌లో కొన్న 14 రోజుల్లోపు, డౌన్‌లోడ్ మొదలుపెట్టకపోతేనే. కాబట్టి ఆటో డౌన్‌లోడ్ ఆఫ్ చేసి పెట్టుకోండి, లేకపోతే కొన్న నిమిషానికే ఆ హక్కు పోతుంది. ఎక్స్‌బాక్స్‌లోనూ 14 రోజులే, ఎక్కువసేపు ఆడి ఉండకూడదు, చూసి నిర్ణయిస్తారు. నింటెండోలో కొన్నాక మామూలుగా అంతే సంగతులు, ఇంకా విడుదల కాని ప్రీఆర్డర్‌ని మాత్రం రద్దు చేసుకోవచ్చు. ఇండియాకి సొంత ఈషాప్ లేదు, అంతా వేరే దేశం అకౌంట్‌తో గిఫ్ట్ కార్డు వేసుకుని కొనడమే. ఆ డబ్బు వ్యాలెట్ దాటి బయటికి రాదని ముందే లెక్కేసుకోండి.

#19 · బిల్డ్‌నంబర్
నకళ్ల సంగతి ఎవరూ రాయలేదు. అక్కడ పనిచేసేది క్వాలిటీ చెక్ కాదు, కాపీరైట్. "ది లాస్ట్ హోప్: డెడ్ జోన్ సర్వైవల్" 2023లో ఈషాప్‌లో ఒక డాలరుకి వచ్చింది. గడ్డం మనిషి, వెంట చిన్నపిల్ల, జాంబీలు: సోనీ వారి ప్రసిద్ధ గేమ్ "ది లాస్ట్ ఆఫ్ అస్"ని చూసి గీసినట్టే. లాట్‌చెక్ ఆపలేదు. సోనీ ఫిర్యాదుతో ట్రైలర్ పోయింది, గేమ్ కూడా షాపులోంచి మాయమైంది. సోనీకి లాయర్లున్నారు. ఇద్దరు కలిసి చేసిన ఇండీ గేమ్‌ని ఎవడైనా ఇలా కాపీ కొడితే వాళ్లు ఫారాలు నింపుకుంటూ కూర్చోవాలి, ఈలోపు నకలే ముందు అమ్ముడుపోతుంది.

#20 · సోఫా_కమాండర్
ఇంత చదివాక నాకనిపించేది: ఎన్‌ఈఎస్ రోజుల్లోలాగా ఏడాదికి ఐదు అని పెట్టేస్తే పోలా?

#21 · గ్రేబాక్స్
పెడితే ముందు పోయేది మనమే. ఆ ఐదులో చోటు దొరికేది డబ్బు ముందే కట్టగలిగినవాడికి, పేరున్నవాడికి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇద్దరు కూర్చుని చేసే గేమ్‌కి ఆ రోజుల్లో గుమ్మం కూడా కనబడేది కాదు. పైగా నాసి గేములు చేసేవాడు అల్ట్రా గేమ్స్ లెక్కన ఇరవై కంపెనీ పేర్లు పెట్టుకుంటాడు, అతనికిది రెండు రోజుల కాగితం పని.

తోటి డెవలపర్లే తనిఖీ చేస్తే? అదీ జరిగింది. ఎక్స్‌బాక్స్ 360లో ఇండీ గేమ్స్ విభాగం 2008లో మొదలైంది, ఏడాదికి 99 డాలర్ల సభ్యత్వం, పీర్ రివ్యూ. తోటివాళ్లు చూసింది కూడా క్రాష్ అవుతోందా, నిషిద్ధ విషయం ఉందా అనే. "బాగుందా" అనే ప్రశ్న అక్కడా లేదు. ఫలితంగా కంట్రోలర్‌ని వణికించి ఒళ్లు నొక్కుకునే "మసాజ్" యాప్‌లు వరసగా వచ్చాయి. మంచి గేములూ వచ్చాయి, వాటిని వెతుక్కోవడమే గండం. 2017లో అమ్మకాలు ఆపేశారు.

పీసీ గేములు అమ్మే స్టీమ్ 2017లో ఇంకో దారి పట్టింది, గేమ్‌కి 100 డాలర్లు, 1,000 డాలర్ల అమ్మకం దాటితే తిరిగిస్తారు. గేములు తగ్గలేదు సరికదా పెరిగాయి. అయినా స్టీమ్‌లో చెత్త కంటికి అంత తగలదు. రివ్యూలు పేజీ మీదే ఉంటాయి, రెండు గంటల్లోపు ఆడితే డబ్బు వాపసు, ముందు పేజీ ఎవరికివారికి వేరుగా ఉంటుంది. స్విచ్ ఈషాప్‌లో మొదటి రెండూ లేవు. ధరలపట్టిక గారి మాటే నాదీ: గుమ్మం కాదు, అర.

#22 · ప్లాటినం_పోచమ్మవాడ
వాపసు ఒక్కటి పెట్టినా సగం బంద్ అయితయి. పది సెంట్లకి ఎవడు వాపసు అడుగుతడు అంటరేమో, పది సెంట్లకి కాదు, మళ్ల పూర్తి రేటు పెట్టినప్పుడు కొన్నోడు అడుగుతడు.

#23 · వేపచెట్టు_8బిట్
అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి తేల్చండి. నేను చూస్తున్న ఫార్మ్ గేమ్ ఒకటి 14.99, ఇప్పుడు 1.49. గ్రాఫ్‌లో గత ఏడాదిలో రెండేసార్లు తగ్గింది, పబ్లిషర్‌కి మొత్తం నాలుగు గేములు. స్క్రీన్‌షాట్లలో ఇన్వెంటరీ, గడియారం కనబడుతున్నాయి. కానీ ట్రైలర్‌లో ట్రాక్టర్ వెనక కెమెరా సన్నగా వణుకుతోంది. తీసుకోవచ్చా?

#24 · గ్రేబాక్స్
ట్రైలర్ ఎప్పటిదో, పేజీలో అప్‌డేట్ల గురించి ఏమైనా రాశారో చూడండి. విడుదల ముందు ట్రైలర్‌లో వణికి, తర్వాత ప్యాచ్‌లో సరిచేసినవి చాలా ఉన్నాయి. డెమో ఉంటే దింపి ట్రాక్టర్ ఎక్కి గట్టు పక్కగా తిన్నగా తోలండి. ట్రాక్టర్‌ని చూడకండి, పక్కన పోయే కంచె కర్రల్ని చూడండి. కంచె నునుపుగా పోతూ ట్రాక్టర్ వణికితే ఇంటర్‌పోలేషన్ ఇంకా పెట్టలేదు. రెండూ కలిసి ఎగిరితే అది ఫ్రేములు పడటం, డాక్ నుంచి తీసి చేతిలో 720పీలో పెట్టి మళ్లీ చూడండి, కొన్నిసార్లు సర్దుకుంటుంది.

#25 · వేపచెట్టు_8బిట్
డెమో ఉంది. దింపుతున్నా.